నెల్లూరు, ఒంగోలుకు క్యాన్సర్ ఎపిడెమియాలజీ సీనియర్ ప్రొఫెసర్: ఎవరిని తీసుకుంటే పని జరుగుతుంది?

క్యాన్సర్ ఆస్పత్రికి ఆంకాలజిస్టు ఎందుకో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎపిడెమియాలజిస్టు ఎందుకు అనేసరికి మాత్రం మేనేజ్‌మెంట్ మీటింగులో ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆయన పేషెంటును చూడడు, ఆపరేషన్ చేయడు, ఓపీ పెంచడు. జిల్లాలో ఏటా ఎంతమందికి ఏ క్యాన్సర్ వస్తోంది, ఏ మండలంలో ఎక్కువ, ఎందుకు ఎక్కువ, ఏ స్టేజిలో ఆస్పత్రికి చేరుతున్నారు, స్క్రీనింగ్ క్యాంపుల వల్ల చావులు నిజంగా తగ్గుతున్నాయా అన్నవి లెక్కగట్టడమే ఆయన ఉద్యోగం. ఇలాంటి పోస్టు పెట్టాలనుకునే యూనివర్సిటీ పెద్దలకు, మెడికల్ కాలేజీ ట్రస్టీలకు, సెలక్షన్ కమిటీలో కూర్చోబోయేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మనిషిని వెతికే ముందు ఒక చేతి లెక్క వేసుకుందాం. క్యాన్సర్ రిజిస్ట్రీ అంటే ఒక ప్రాంతం జనానికి వచ్చే ప్రతి క్యాన్సర్ కేసునూ రాసిపెట్టే చిట్టా. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం అంచనా ప్రకారం 2022లో దేశం మొత్తం మీద కొత్త క్యాన్సర్ కేసులు సుమారు 14.6 లక్షలు. లక్ష జనాభాకు దాదాపు వంద. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 29.6 లక్షల మంది, ఉమ్మడి ప్రకాశంలో 34 లక్షలకు కాస్త తక్కువ ఉన్నారు. దేశ సగటే మనకూ సరిపోతుందనుకుంటే ఏటా నెల్లూరులో మూడు వేల దాకా, ప్రకాశంలో మూడు వేల నాలుగు వందల దాకా కొత్త కేసులు ఉండాలి. మీ కాలేజీ రికార్డుల్లో ఎన్ని ఉన్నాయో ఒకసారి తీసి చూడండి. ఆ తేడా ఎక్కడికి పోయిందో కనిపెట్టడమే రాబోయే ప్రొఫెసర్ మొదటి పని.

ఎక్కడికి పోయిందో సగం మనకు తెలిసిందే. నెల్లూరు మనిషికి గొంతులో గడ్డ అంటే చెన్నై రైలెక్కుతాడు. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, లేదంటే వేలూరు సీఎంసీ, లేదంటే తిరుపతి. ఊళ్లోనే రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నా, స్తోమత ఉన్నవాళ్ల కాళ్లు దక్షిణం వైపే నడుస్తాయి. ప్రకాశం వాళ్లయితే గుంటూరు, విజయవాడ, హైదరాబాద్. కనిగిరి దగ్గర ఒక రైతుకు బయాప్సీ ఒంగోలులో, ఆపరేషన్ హైదరాబాద్‌లో, రేడియేషన్ గుంటూరులో జరిగి, చివరికి ఆయన సొంత ఇంట్లోనే పోయాడనుకోండి. ఆ ఒక్క మనిషి మూడు చోట్ల మూడు కేసులుగా లెక్కకెక్కవచ్చు, ఎక్కడా ఎక్కకపోనూ వచ్చు. చెన్నై, హైదరాబాద్ లాంటి చోట్ల రిజిస్ట్రీకి కావాల్సింది వాళ్ల ఊరి జనం కాబట్టి, మన పేషెంటు వాళ్లకు 'బయటి కేసు'. మన లెక్కలోకి అతన్ని తిరిగి తెచ్చుకోవాల్సింది మనమే.

అందుకే నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఈ రెండు జిల్లాలకు కావాల్సింది పేపర్లు రాసిన మనిషి కంటే రిజిస్ట్రీ నడిపిన మనిషి. పక్క రాష్ట్రం ఆస్పత్రి మెడికల్ రికార్డుల గదిలోకి అనుమతి సంపాదించి, అక్కడి ఫైళ్లలో నెల్లూరు, కావలి, కందుకూరు అడ్రసులు ఏరి తీయించగల ఓపిక ఉండాలి. ఆ ఓపిక బయోడేటాలో కనిపించదు. ఎలా కనిపెట్టాలో కింద చెబుతాను.

ఎవరెవరు దొరుకుతారు

మొదటి రకం, ముంబై, చెన్నై, ఢిల్లీలోని పెద్ద సంస్థల్లో రిటైరైనవాళ్లు, లేదా అవబోతున్నవాళ్లు. పేరుంటుంది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కమిటీల్లో పరిచయాలుంటాయి, ఒక్క ఫోన్ కాల్‌తో తలుపులు తెరుచుకుంటాయి. మేనేజ్‌మెంట్లకు ఈ రకమంటే మోజు. అయితే వాళ్లు ఇన్నాళ్లూ ఇరవై ముప్పై మంది సిబ్బంది ఉన్న డిపార్టుమెంటును నడిపినవాళ్లు. ఇక్కడికి వచ్చాక కంప్యూటర్ ఆపరేటర్‌ను కూడా తామే ఇంటర్వ్యూ చేసుకోవాలంటే ఎంతమందికి ఓపిక ఉంటుంది? వారానికి రెండు రోజులు వచ్చి, మిగతా రోజులు జూమ్‌లో ఉంటానంటారు. వాళ్లను సలహాదారుగా పెట్టుకోండి, గౌరవ వేతనం ఇవ్వండి, అది మంచి బేరం. డిపార్టుమెంటు తాళాలు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి.

రెండో రకం, అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడ్డ తెలుగు ప్రొఫెసర్లు. సొంతూరు ఆత్మకూరో, అద్దంకో అయి ఉంటుంది. ఊరికి ఏదైనా చేయాలన్న తపన నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. చిక్కు వేరే చోట ఉంది. అమెరికా మెడికల్ స్కూళ్లలో ఎపిడెమియాలజీ ప్రొఫెసర్ల జీతంలో పెద్ద భాగం వాళ్లు తెచ్చుకునే గ్రాంట్ల నుంచే వస్తుంది. ఇక్కడికి పూర్తిగా వచ్చేస్తే ఆ గ్రాంట్లు వాళ్ల వెంట రావు. పోనీ అక్కడి నుంచే ఇక్కడికి నిధులు పంపుతారా అంటే, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ 2025 మేలో, అక్కడి గ్రాంటులోంచి విదేశీ సంస్థలకు పంచే సబ్ అవార్డుల పాత పద్ధతి ఆపేసింది. మన వైపు చూస్తే విదేశీ డబ్బు రావాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, విదేశీ భాగస్వామ్యంతో ఆరోగ్య పరిశోధన చేయాలంటే కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి. ఇవన్నీ తేలేసరికి ఆయన సబాటికల్ ఏడాది అయిపోతుంది. అందుకే వీళ్లను సెలవుల్లో వచ్చి పీహెచ్‌డీ విద్యార్థులకు పాఠాలు చెప్పే విజిటింగ్ ప్రొఫెసర్లుగా పిలవండి. కేంద్రం తెచ్చిన వజ్ర పథకం విదేశాల్లోని శాస్త్రవేత్తలు ఏడాదికి ఒకటి నుంచి మూడు నెలలు ఇక్కడ పనిచేయడానికి ఉద్దేశించినది. ఆ మాదిరి ఏర్పాటు ఇద్దరికీ సుఖం. ఓసీఐ కార్డు ఉన్న (అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతి) మనిషిని రెగ్యులర్ పోస్టులోకే తీసుకోవాలనుకుంటే, అది కుదురుతుందా లేదా అన్నది నోటిఫికేషన్‌కు ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

మూడో రకం నలభై అయిదేళ్లకు అటూ ఇటూ ఉన్న అసోసియేట్ ప్రొఫెసర్లు, కొత్తగా ప్రొఫెసర్ అయినవాళ్లు, ఐసీఎంఆర్ సంస్థల్లో మధ్య స్థాయి శాస్త్రవేత్తలు. ఏదో ఒక రిజిస్ట్రీలో పదేళ్లు పనిచేసి, పైన డైరెక్టర్ కదలక, కింద తాము ఎదగక ఇరుక్కుపోయి ఉంటారు. నేనైతే వీళ్ల కోసమే వెతుకుతాను. ఇక్కడ వాళ్ల పేరు మీద ఒక రిజిస్ట్రీ పుడుతుంది. మహారాష్ట్రలో బార్షి అనే పల్లెప్రాంతంలో 1987లో దేశంలోనే తొలి గ్రామీణ క్యాన్సర్ రిజిస్ట్రీ మొదలైంది. కేరళలో కరునాగపల్లి రిజిస్ట్రీ 1990లో వచ్చింది, ఇసుకలోని సహజ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరుగుతుందా అని చూడటానికి. ఎపిడెమియాలజీ చదివినవాళ్లకు ప్రపంచంలో ఎక్కడైనా ఆ రెండు ఊళ్ల పేర్లు తెలుసు. పొదిలి పేరు, కొండపి పేరు కూడా అలా తెలిసేలా చేయవచ్చని ఆశపడే వయసు అదే. ఒకటే ఇబ్బంది: 'సీనియర్ ప్రొఫెసర్' అన్న హోదాకు వీళ్లు నిబంధనల ప్రకారం సరిపోకపోవచ్చు. హోదా తగ్గించి ప్రొఫెసర్ పోస్టుగా నోటిఫై చేయడం తెలివైన పని.

నాలుగో రకం మన కాలేజీలోనే ఉన్న కమ్యూనిటీ మెడిసిన్ ప్రొఫెసర్. జిల్లా వైద్యాధికారితో, పీహెచ్‌సీ డాక్టర్లతో, ఏఎన్‌ఎంలతో పరిచయం ఆయనకున్నంతగా బయటినుంచి వచ్చినవాడికి పదేళ్లకూ రాదు. క్యాన్సర్ గణాంకాల్లో శిక్షణ తక్కువ ఉండొచ్చు. దాన్ని చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలోనో, టాటా మెమోరియల్‌కు చెందిన క్యాన్సర్ ఎపిడెమియాలజీ సెంటర్‌లోనో నేర్పించవచ్చు. బయటి మనిషిని తెచ్చినా, ఈయన్ని పక్కన పెడితే మాత్రం మొదటి ఏడాదే పని ఆగిపోతుంది. ఇంటర్వ్యూ కమిటీలో కాకపోయినా, అభ్యర్థితో భోజనానికి కూర్చునేవాళ్లలో ఈయన ఉండాలి.

గణితం బాగా వచ్చిన బయోస్టాటిస్టిషియన్లు కూడా దరఖాస్తు చేస్తారు. ప్రొఫెసర్‌కు తోడుగా తప్పనిసరిగా కావాలి, ప్రొఫెసర్‌కు బదులుగా కాదు.

పోస్టు ఎక్కడ పెడుతున్నారు?

మనిషి ఎంపిక సగం ఇక్కడే తేలిపోతుంది. కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ 2008లో వచ్చింది, ఒంగోలులో ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఇంకా కొత్తది. ఇలాంటి జనరల్ యూనివర్సిటీల్లో యూజీసీ 2018 నిబంధనలు వర్తిస్తాయి. వాటి ప్రకారం సీనియర్ ప్రొఫెసర్‌కు ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవం, మంచి జర్నళ్లలో కనీసం పది పేపర్లు, గత పదేళ్లలో తన దగ్గర కనీసం ఇద్దరికి పీహెచ్‌డీ రావడం కావాలి. ముగ్గురు నిపుణుల సమీక్ష అనుకూలంగా ఉండాలి. జీతం లెవల్ 15, మూల వేతనం 1,82,200 రూపాయలతో మొదలు. మంజూరైన ప్రొఫెసర్ పోస్టుల్లో పది శాతానికి మించి ఈ హోదా ఇవ్వకూడదు. అంటే పదిమంది ప్రొఫెసర్ల పోస్టులు లేనిచోట ఒక్క సీనియర్ ప్రొఫెసర్ కూడా రాడు. చిన్న యూనివర్సిటీలు ఈ లెక్క చూసుకోకుండా ప్రకటన ఇస్తే, ఎంపికైన మనిషి కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. మామూలు ప్రొఫెసర్ అయితే లెవల్ 14, 1,44,200తో మొదలు.

ఆర్డర్ త్వరగా ఇవ్వొచ్చని కొందరు 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' దారి సూచిస్తారు. 2022లో యూజీసీ తెచ్చిన ఆ ఏర్పాటులో పదిహేనేళ్ల వృత్తి అనుభవం చాలు, పీహెచ్‌డీ పట్టుబట్టరు. అయితే ఉద్యోగం నాలుగేళ్లకు మించదు, పైగా ఇప్పటికే టీచింగ్‌లో ఉన్నవాళ్లకు, టీచింగ్‌లో రిటైరైనవాళ్లకు అది వర్తించదు. మొదటి రకం పెద్దాయన ఈ దారిలో రాలేడు. రిజిస్ట్రీలో శాస్త్రవేత్తగా మాత్రమే పనిచేసిన మనిషి రావచ్చు.

మెడికల్ కాలేజీ అయితే కథ మారుతుంది. అక్కడ ఫ్యాకల్టీ అర్హతలు ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) చూస్తుంది. ఎంబీబీఎస్, ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ లేకుండా, విదేశంలో పీహెచ్‌డీ చేసిన మహా ఎపిడెమియాలజిస్టు వచ్చినా ఆ డిపార్టుమెంటు ప్రొఫెసర్ లెక్కలోకి రావడం కష్టం. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో ప్రొఫెసర్లు ఎక్కువగా ప్రమోషన్ల మీదే వస్తారు కాబట్టి, కాలేజీ తనంతట తాను ఎవరినో పిలిచి కుర్చీ వేసే వీలు తక్కువ. వాళ్లకు కుదిరేది ప్రాజెక్టు మీద నియామకం. ప్రైవేటు కాలేజీలకు స్వేచ్ఛ ఎక్కువ. రీసెర్చ్ ప్రొఫెసర్ అని ఒక పోస్టు సృష్టించుకుని, ఎన్‌ఎంసీ లెక్కతో సంబంధం లేకుండా జీతం ఇవ్వగలరు. యూనివర్సిటీ పోస్టు, మెడికల్ కాలేజీ పేషెంట్లు, ఇద్దరి మధ్య ఒక ఒప్పందం: ఇదే నాకు అన్నిటికంటే నచ్చే ఏర్పాటు. కాకుటూరు నుంచి నెల్లూరు ఆస్పత్రులకు దూరమెంత కనుక.

బయోడేటా చదవడం

హెచ్ ఇండెక్స్ (పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో, అంటే సైటేషన్లను బట్టి వేసే స్కోరు) చూసి కళ్లు తిరగనివ్వకండి. ప్రపంచ వ్యాధి భారం అధ్యయనాల్లో ఒక్కో పేపర్‌కు వందల మంది రచయితలుంటారు. వాటిలో పేరుంటే చాలు, సైటేషన్లు వేలల్లో చేరతాయి. ఆ పేపర్లన్నీ పక్కన పెట్టి, మొదటి పేరుగానో చివరి పేరుగానో రాసినవి ఎన్ని, అందులో సొంతంగా సేకరించిన డేటాతో రాసినవి ఎన్ని అని చూడండి. వంద పేపర్ల జాబితా పదిహేనుకు దిగిపోవడం మామూలే. ఆ పదిహేనూ గట్టివైతే మనిషి గట్టివాడే.

గ్లోబోకాన్ (ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కల డేటాబేస్) అంచనాలు డౌన్‌లోడ్ చేసుకుని గ్రాఫులు వేసేవాళ్లకు కంప్యూటర్ పక్కనుంచి లేవాల్సిన అవసరం పడదు. మనకు లేవాల్సిన మనిషి కావాలి. బయోడేటాలో కాన్‌రెగ్ (రిజిస్ట్రీ నడిపే) సాఫ్ట్‌వేర్, ఐసీడీ-ఓ (క్యాన్సర్ రకాలకు వేసే) కోడింగ్, వెర్బల్ అటాప్సీ (చావుకు కారణం ఇంట్లోవాళ్లను అడిగి తేల్చడం) లాంటి మాటలు కనిపిస్తే ఆగి చదవండి. ఇంకొందరు వస్తూనే కోట్ల రూపాయల జీనోమిక్స్ ల్యాబ్ అడుగుతారు. జిల్లాలో కేసులెన్నో తెలియకముందే జన్యువుల ల్యాబ్ అంటే ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంటర్వ్యూలో అడగాల్సినవి

సెమినార్ టాక్ అందరూ బాగానే చెబుతారు. నేను అడిగే ప్రశ్నలు ఊరి మీద ఉంటాయి.

"ప్రకాశం జిల్లాలో క్యాన్సర్ రేటు లెక్కగట్టాలి, భాగహారంలో కింద ఏ జనాభా వేస్తారు?" అని అడగండి. 2011 తర్వాత కొత్త జనాభా లెక్కలు చేతికి రాలేదు. 2022 విభజనలో కందుకూరు నెల్లూరు జిల్లాలోకి, చీరాల, పర్చూరు, అద్దంకి బాపట్లలోకి వెళ్లాయి. ఆ తర్వాత కూడా సరిహద్దులు కదులుతూనే ఉన్నాయి. పని తెలిసిన మనిషి జిల్లా పేరు వదిలేసి మండలాలవారీగా లెక్క కడతానంటాడు, వయసులవారీ అంచనాలు ఎలా తీస్తాడో చెబుతాడు. తెలియని మనిషి "ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటుంది కదండీ" అంటాడు.

"మా ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్ల వల్ల క్యాన్సర్ వస్తోందంటున్నారు, నిజమేనా?" అని అడగండి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరోసిస్ ఎంత పాత బాధో మనకు తెలుసు. ఎముకలు, పళ్లు దెబ్బతింటాయి. క్యాన్సర్ విషయంలో మాత్రం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తాగునీటి ఫ్లోరైడ్‌ను మూడో గ్రూపులో పెట్టింది, అంటే ఆధారాలు ఎటూ తేల్చడానికి చాలవని. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పీల్చే సిలికా దుమ్ము అలా కాదు. అది మొదటి గ్రూపు, ఊపిరితిత్తుల క్యాన్సర్ కారకమని తేలినది. ఈ రెంటికీ తేడా ఒక పామర శ్రోతకు అర్థమయ్యేలా చెప్పలేనివాడు రేపు కలెక్టర్ మీటింగులో ఏం చెబుతాడు? పొగాకు సంగతీ అంతే. టంగుటూరు, కొండపి రైతు పొగాకు పండించడం వేరు, బ్యారన్‌లో మంట వేడికి ఆకును ఆరబెట్టడం వేరు, గ్రేడింగ్ షెడ్డులో కూలి చేయడం వేరు, చుట్ట తాగడం వేరు. నాలుగూ విడదీసి అడిగే ప్రశ్నావళి తయారు చేయగలడా అని చూడాలి. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న లంకె బయటపడిందీ అలా అలవాటును విడదీసి చూసినందువల్లే.

2025లో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువయ్యాయన్న వార్తలతో ఇంటింటి సర్వే చేయాల్సి వచ్చింది. అలాంటి వార్త రేపు కృష్ణపట్నం థర్మల్ ప్లాంట్ పక్క ఊరి నుంచి వస్తే మొదటి వారం ఏం చేస్తారని అడగండి. టీవీ ముందు కూర్చుని కారణం చెప్పేసేవాడు వద్దు, "అదంతా అపోహ" అని కొట్టిపారేసేవాడూ వద్దు. ఎన్ని కేసులు, ఏ అవయవం, ఏ వయసు, ఎన్నేళ్లలో వచ్చాయి, అంతమంది జనాభాలో మామూలుగా ఎన్ని ఉండాలి అని వరసగా అడుగుతూ పోయేవాడు కావాలి. రొమ్ము, నోరు, గర్భాశయ ముఖద్వారం, రక్తం అన్నీ కలిపి "క్యాన్సర్" అనే ఒకే సంచిలో వేస్తే ఏ కారణమూ దొరకదని వాళ్లకు తెలిసి ఉండాలి.

చివరగా ఒక సాంకేతిక ప్రశ్న. "మీ రిజిస్ట్రీలో మైక్రోస్కోపు కింద నిర్ధారణ అయిన కేసులు నూటికి ఎన్ని?" నూటికి నూరు అని గర్వంగా చెబితే అనుమానించండి. ల్యాబు రిపోర్టు ఉన్న కేసులనే లెక్కపెట్టి, బయాప్సీ దాకా రాని ముసలివాళ్లను, పేదవాళ్లను వదిలేశారని అర్థం. కేవలం మరణ ధ్రువపత్రం మీదే తెలిసిన కేసులు సున్నా అన్నా అంతే అనుమానం. మన పల్లెల్లో చావులు ఎలా నమోదవుతాయో చూసినవాడు ఆ సున్నా చెప్పడు.

కాపురం ఎక్కడ?

ఇది ఇంటర్వ్యూలో ఎవరూ అడగరు, ఉద్యోగం మాత్రం దీని మీదే నిలుస్తుంది. నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు. చెన్నై నుంచి విజయవాడ వైపు వెళ్లే వందే భారత్ నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆగుతుంది. దీంతో చెన్నైలో కాపురం, నెల్లూరులో ఉద్యోగం అన్న ఆలోచన అందరికీ వస్తుంది. నెల్లూరుకు అది పూర్తిగా చెడ్డదేమీ కాదు. అడయార్‌లో రికార్డుల పని ఉన్నప్పుడు అదే సుళువు కూడా. ఒంగోలుకు మాత్రం ఒప్పుకోకండి. మార్కాపురం, గిద్దలూరు వైపు ఫీల్డుకు వెళ్లాల్సిన మనిషి శుక్రవారం మధ్యాహ్నం రైలు టైము చూసుకుంటూ కూర్చుంటే పడమటి మండలాలు లెక్కలోకే రావు. జీవిత భాగస్వామికి ఊళ్లో ఉద్యోగం చూపించగలిగితే, జీతం పదివేలు పెంచడం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

ఆఫర్ లెటర్‌లో రాయించాల్సినవి

రెండేళ్లపాటు పేపర్లు అడగకండి. కొత్త రిజిస్ట్రీలో మొదటి ఏడాది పాత కేసులు కొత్తవిగా వచ్చి పడతాయి, రేటు ఉత్తుత్తిగా పెరిగినట్టు కనిపిస్తుంది. దాన్ని శుభ్రం చేసేదాకా ఆగాలి. న్యాక్ ఫైళ్లు, హాస్టల్ వార్డెన్ బాధ్యత, ఇన్‌స్పెక్షన్ రోజు హాజరు పట్టీలు ఆ మనిషికి అప్పగించకండి. ఫీల్డ్ సిబ్బంది, ఒక డేటా మేనేజర్, ఒక స్టాటిస్టిషియన్ పోస్టులు ఆయన చేరే తేదీకి మంజూరై ఉండాలి. 'వచ్చాక చూద్దాం' అంటే ఎప్పటికీ చూడరు. అడయార్, తిరుపతి, గుంటూరు ఆస్పత్రులతో డేటా ఒప్పందాలకు వైస్ చాన్సలర్ స్థాయిలో ఉత్తరాలు ఆయన చేరకముందే వెళ్లాలి. ప్రొఫెసర్ స్వయంగా ఉత్తరం రాస్తే సూపరింటెండెంట్ టేబుల్ మీద ఆగిపోతుంది.

నిధులకు, ఐసీఎంఆర్ బయటి సంస్థలకు ఇచ్చే ప్రాజెక్టులున్నాయి. హైదరాబాద్‌లోని ఇండియా అలయన్స్ ప్రజారోగ్య ఫెలోషిప్‌లు ఇస్తుంది. అభ్యర్థిని ఏదో ఒకదానికి దరఖాస్తు చేయమనండి, దరఖాస్తు నాణ్యత చూస్తే మనిషి నాణ్యత తెలుస్తుంది.

ఇక పైన చెప్పిన ఓపిక సంగతి. రిఫరెన్సు లేఖలు అందరివీ తీయగానే ఉంటాయి. అభ్యర్థి ఇంతకుముందు పనిచేసిన రిజిస్ట్రీకి ఫోన్ చేసి, డైరెక్టర్‌ను కాదు, ఊళ్లు తిరిగి ఫారాలు నింపిన ఫీల్డ్ సిబ్బందిని అడగండి: ఈయన మీతోపాటు ఎప్పుడైనా బస్సెక్కి వచ్చాడా, ఆస్పత్రి వాళ్లు ఫైలు ఇచ్చేది లేదంటే ఏం చేశాడు, ఫారం తప్పు నింపితే తిట్టాడా, నేర్పాడా అని. డేటా, కోడింగ్ మాన్యువల్, సర్వర్ పాస్‌వర్డ్‌లు యూనివర్సిటీ ఆస్తి అని, ఉద్యోగం మానిన రోజునే అప్పగించాలని కూడా ఆఫర్ లెటర్‌లో ఒక వాక్యం పెట్టండి. మంచి అభ్యర్థి దానికి అభ్యంతరం చెప్పడు.